దూసరి తీగ జున్ను

ఆయమ్మ పెద్దకర్మకు వెళ్ళాలని బస్సు దిగి ఊళ్ళోకి నడుస్తున్నాను. చెరువు గట్టు దాటాక కంచె మీద దూసరి తీగ కనిపించింది. ఆగి నాలుగు ఆకులు తుంచి అరచేతిలో నలిపాను. ఎందుకు నలిపానంటే చెప్పలేను, చేతికి అలవాటున్న పని. పచ్చి పసరు వాసన గుప్పుమంది, వేళ్ళ మధ్య జిగురు సాగింది. "టీచర్, జున్ను పేరుకుందా? ఇప్పుడు చూడనా?" అని ఒకదాని మీద ఒకటి పడే చిన్న గొంతులు చెవుల్లో మొదలయ్యాయి. రోడ్డు పక్కన చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

ఆ జున్ను చేయడం నాకు నేర్పింది ఆయమ్మే. మా అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసింది. పిల్లలు ఆయమ్మ అంటే ఊరంతా ఆయమ్మ అంది, నేనూ అన్నాను. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. సంతకం పెట్టడం నా దగ్గర నేర్చుకుంది. నేను ఆమె దగ్గర నేర్చుకున్నవి లెక్కపెట్టడానికి ఇన్నాళ్ళకు కూర్చున్నాను.

కొబ్బరి పిందెల గుత్తివంకాయ

మా పుట్టిల్లు కోనసీమ. పెరట్లో నూతి పక్కన, రెండు కొబ్బరిచెట్ల మధ్య మా బొమ్మరిల్లు ఉండేది. నాలుగు ఇటుకలు, పైన ఒక కొబ్బరిమట్ట. లోపల మూడు రాళ్ళ పొయ్యి.

రాలిపడిన కొబ్బరి పిందెలు మాకు వంకాయలు. తల మీద ముచ్చిక అచ్చం వంకాయకు ఉన్నట్టే ఉంటుంది. లేత పిందెలు ఏరి ఇస్తే అన్నయ్య కత్తిపీట మీద నాలుగు పక్షాలుగా చీల్చేవాడు. అందులో ఇటుకపొడి కారం కూరడం నా పని. ఇటుకపొడి ఊరికే రాదు. గచ్చు మీద నీళ్ళు చల్లి, ముక్కను గుండ్రంగా అరగదీస్తే ముద్దలా వస్తుంది, ఎండబెట్టి పొడి చేసుకోవాలి. మధ్యాహ్నాలన్నీ ఆ గరగర చప్పుడే. అమ్మ నిద్రపట్టక లోపలి నుంచి కేకలేసేది. అరటిగెల దించి చెట్టు నరికిన రోజు మాకు పండుగ. దవ్వను చక్రాలుగా కోస్తే ఇడ్లీలు, కోసేటప్పుడు సాగే తెల్లటి దారాలు సేమ్యా. బచ్చలిపళ్ళు పిండితే ఊదారంగు చారు. ఆ చారు గౌనుకు అంటితే మాత్రం దెబ్బలు పడేవి. గోదావరి ఒండ్రుమట్టి ఉండనే ఉంది. అంత మెత్తని పిండి ఏ మిల్లులోనూ ఆడరు.

తాలింపు నోటితోనే. మా చిన్నత్త కూతురు 'చుయ్' అనేది, నేను 'చర్ర్' అనేదాన్ని. ఏది సరైన తాలింపో తేలక ఒకసారి రెండు రోజులు మాటలు మానేశాం. అమ్మమ్మ తీర్పు చెప్పింది: ఆవాలు వేస్తే 'చిటపట', కరివేపాకు వేస్తే 'చుయ్', అన్నీ అయ్యాక చారు పోస్తే 'చర్ర్'. ఇద్దరిదీ నిజమే, వరుస తెలియాలి. పొయ్యి దగ్గరికి నన్ను ఎవరూ రానివ్వని వయసులోనే తాలింపు వరుస నాకు అలా వచ్చేసింది.

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళినప్పుడు నాన్న తాటాకు బుట్టలో లక్కపిడతలు కొనిపెట్టారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. బుల్లి తిరగలి, బుల్లి రోలు, బిందె, కాగు. ముట్టుకుంటే నునుపు, వాసన చూస్తే లక్క. వాటిని కొలువులో పెట్టాం, చుట్టాలకు చూపించాం. ఆడుకోవడానికి మాత్రం మళ్ళీ కొబ్బరిచిప్పల దగ్గరికే వెళ్ళాం. పిడతలో ఒండ్రుమట్టి వేస్తే రంగు పాడవుతుందని భయం. గుజ్జనగూళ్ళు అని అమ్మమ్మ అనే ఆ ఆటకు భయం పనికిరాదు.

పొయ్యి ఊదిన పిల్లవాడు

పెళ్ళయి వచ్చింది వరాహ నది పక్కకు. అప్పట్లో విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. నా చిన్ననాటి పిడతల వంటివే తయారయ్యే ఏటికొప్పాక అక్కడికి దగ్గరే. అంగన్‌వాడీల పథకం 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల మొదలైందని శిక్షణలో చెప్పారు. మా ఊరి దాకా రావడానికి ఏళ్ళు పట్టింది. వచ్చినప్పుడు టీచరుగా నన్ను తీసుకున్నారు.

ఒక పెంకుటింటి గది, ముందు వేపచెట్టు. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు. గోడకు బొమ్మల పటాలు తగిలించి, శిక్షణలో నేర్పిన పాటలు గుర్తుచేసుకుంటూ మొదటి రోజు నిలబడ్డాను. ఒక పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు. వాణ్ణి చూసి ఇంకొకరు, ఆ తర్వాత గది మొత్తం. నేను గొంతు పెంచి పాడేకొద్దీ వాళ్ళూ పెంచారు.

ఆయమ్మ ఏమీ మాట్లాడలేదు. చెట్టు కింద మూడు రాళ్ళు పెట్టింది. కొబ్బరిచిప్పలో ఇసుక పోసి, పుల్లతో కలుపుతూ, ఎవరితోనో కాదు తనలో తాను అన్నట్టు, "అయ్యో, అన్నం ఉడకడం లేదు. పొయ్యి ఆరిపోయింది. ఊదేవాళ్ళు ఒక్కరూ లేరే" అంది. అందరికన్నా ముందు ఏడ్చినవాడు ముక్కు తుడుచుకుంటూ వెళ్ళి గొంతుక్కూర్చుని ఊదాడు. ఎంత గట్టిగా ఊదాడంటే చిప్పలో ఇసుక లేచి ఆయమ్మ ముఖాన పడింది. "మంట అందుకుంది నాయనా" అని ఆమె కళ్ళు నులుముకుంది.

మరునాటి నుంచి రోజూ పొద్దున ఒక గంట ఆ చెట్టు కింద బువ్వలాట.

కొబ్బరిచెట్లు అక్కడ తక్కువ. నా వంటలేవీ పనికి రాలేదు. ఆయమ్మ వెంట చెరువు గట్టున తిరిగి కొత్త వంటలు నేర్చుకున్నాను. నల్లతుమ్మ పూలు బూంది. సీమచింత కాయలు జిలేబీలు, ఆట అయ్యాక వాటిని నిజంగానే తినేవాళ్ళం. టేకు లేత చిగురు అరచేతుల మధ్య రుద్దితే ఎర్రగా వచ్చే రసం పులుసు. మట్టి బిళ్ళ తట్టి దాని మీద తుత్తురుబెండ కాయ అదిమితే చక్రం అచ్చు పడుతుంది, అది బిస్కెట్టు. తంగేడు పూలు పప్పు. బాదం ఆకు పొద్దున విస్తరి, మధ్యాహ్నం అప్పడం, ఎండ ఎక్కువైతే విసనకర్ర.

అన్నిటికీ మించి దూసరి తీగ జున్ను. గుప్పెడు ఆకులు కడిగి, గిన్నెలో కాసిని నీళ్ళు పోసి, ఆ నీళ్ళలోనే ఆకుల్ని బాగా పిసకాలి. నీళ్ళు చిక్కగా, ముదురు ఆకుపచ్చగా అవుతాయి. పిప్పి తీసేసి నీడలో పెట్టాలి. అంతే, ఇంకేమీ కలపనక్కరలేదు. కాసేపటికి అదే గడ్డకడుతుంది, చీపురుపుల్లతో కోస్తే ముక్కలు లేస్తాయి. ఆకులోని జిగురు చేసే పని అది. మొదటిసారి చూసినప్పుడు పిల్లలకన్నా నేనే ఎక్కువ అరిచాను.

"కదపకూడదు. చూడాలనిపిస్తే చేతులు వెనక్కి కట్టుకుని చూడండి" అనేది ఆయమ్మ. పదిహేను మంది చేతులు వెనక్కి పెట్టుకుని, ఒక స్టీలు గిన్నె చుట్టూ వంగి, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ నిలబడేవాళ్ళు. నేను ఎంత మంచి కథ చెప్పినా ఆ నిశ్శబ్దం రాలేదు.

ముట్టుకోకూడనివి

చెట్టు కింద వదిలేస్తే పిల్లలు ఏదైనా వండుతారు. కాబట్టి ఆయమ్మ దగ్గర గట్టి కట్టడి ఉండేది. గురివింద గింజలు ఎంత అందంగా ఉన్నా వద్దు, అవి విషం. ఆముదం గింజలు వద్దు. ఉమ్మెత్త కాయ, పచ్చగన్నేరు కాయ చూడటమే, కోయకూడదు. జిల్లేడు ఆకు అప్పడంలా ఉంటుంది కానీ దాని పాలు కంట్లో పడితే కన్ను పోతుంది. తెల్లటి చిన్న పూలతో పెరుగన్నంలా కనిపించే వయ్యారిభామ గడ్డి ఒంటికి దురద. ఆట అయ్యాక అందరూ బూడిదతో చేతులు తోముకోవాలి, సబ్బు వచ్చాక సబ్బుతో. ఆటలో వండింది ఏదైనా గడ్డం దాకానే, నోట్లోకి కాదు. ఈ వరుసంతా పిల్లలు పాటలా అప్పచెప్పేవాళ్ళు.

ఇంత చేసినా ఒకసారి తప్పింది. చింతగింజల పప్పు వండుతూ ఒక పాప గింజను ముక్కులో పెట్టుకుంది. చంకన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాను, అక్కడ తీసేశారు. పాప వెంటనే నవ్వింది, నాకే ఆ రాత్రి నిద్ర లేదు. తప్పు నాది. ఆ వయసు పిల్లల చేతికి అంత చిన్న గింజలు ఇవ్వకూడదు. ఆ రోజు నుంచి మా పప్పు తంగేడు పూలతోనే.

ఉప్పు చూడు

మొదట్లో పిల్లలు ఏం పెట్టినా నేను "ఆహా, బాగుంది" అనేదాన్ని. వాళ్ళు మళ్ళీ పెట్టేవాళ్ళు, నేను మళ్ళీ అనేదాన్ని. ఒకరోజు ఆయమ్మ పక్కకు పిలిచి చెప్పింది.

"టీచరమ్మా, నువ్వు తినడం లేదు. ఊరికే అంటున్నావు. వాళ్ళకు తెలిసిపోతుంది."

"మరి ఏం చేయమంటారు ఆయమ్మా?"

"ఉప్పు చూడు. కారం చూడు. తక్కువైతే తక్కువైందని చెప్పు."

మరునాడు ఒక పిల్లవాడు ఇసుక పులిహోర పెట్టాడు. ఆకు గడ్డం దాకా ఎత్తి, కళ్ళు మూసుకుని, ఆగి, "పులుపు చాలలేదు నాన్నా" అన్నాను. వాడి ముఖం వెలిగిపోయింది! గుంటలోని నీళ్ళు ఇన్ని తెచ్చి పోసి, కలిపి, మళ్ళీ పెట్టి, నా నోటి వంకే చూస్తూ కూర్చున్నాడు. వండినవాళ్ళకు కావలసింది ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. మా ఇంట్లో మా అత్తగారు వడ్డించేటప్పుడు కూడా నేను ఎప్పుడూ "బాగుంది" అనే అనేదాన్ని. ఆ రాత్రి మొదటిసారి, "పప్పులో ఇంగువ కొంచెం ఎక్కువైనట్టుంది అత్తయ్యా" అన్నాను. ఆవిడ కోపగించుకోలేదు. ఎదురుగా కూర్చుని, ఇంగువ ఎక్కడి నుంచి తెప్పించారో, పాత ఇంగువకూ దీనికీ తేడా ఏమిటో అరగంట చెప్పారు.

చెరుకు కాలం

అనకాపల్లి బెల్లం పేరు వినని తెలుగువారు ఉండరు. చలికాలం వచ్చిందంటే మా వైపు గాలి అంతా తీపి వాసన. గానుగ ఆడేచోట, పెనాల దగ్గర పనిచేసేవాళ్ళ పిల్లలే మా దగ్గర సగం మంది. ఆ రోజుల్లో అన్నం, పప్పు వండేవాళ్ళు కాదు. బెల్లం వండేవాళ్ళు.

నేలలో గుంట తీసి, దాని మీద పగిలిన కుండ పెంకు పెట్టి, అది పెనం అనేవాళ్ళు. ఎండిన చెరుకు పిప్పి నిజంగానే తెచ్చి కింద దోపేవాళ్ళు. ఒకడు పొడుగు కర్రతో బురదనీళ్ళు కలపడం, ఒకడు పైకి తేలిన మడ్డి తీయడం. ఒక అబ్బాయి ఉన్నట్టుండి లేచి, గడప దగ్గర రాలిన ముగ్గుపొడి గోటితో గీకి తెచ్చి పెనంలో వేశాడు. ఏమిటని అడిగాను. "సున్నం వేయకపోతే మురికి పైకి రాదు టీచర్" అన్నాడు. వాడికి ఐదేళ్ళు. బెల్లంలో సున్నం వేస్తారని అప్పటికి నాకు తెలియదు. సాయంత్రం వెళ్ళి పెనం దగ్గర అడిగితే నిజమే అన్నారు.

పాకం కుదిరాక దిమ్మలు పోశారు. కొబ్బరిచిప్పలో కూరి బోర్లిస్తే గుండ్రటి మట్టి దిమ్మ. ఎనిమిది అయ్యాయి. ఎనిమిది వరకు లెక్క రాని పిల్లలు కూడా ఆ రోజు లెక్కపెట్టారు, ఎందుకంటే ఒక దిమ్మ తగ్గింది, ఎవరో తీశారు, దొంగ ఎవరో తేలాలి.

మరునాడు ఒక తండ్రి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "మేము ఎలాగూ మట్టిలోనే బతుకుతున్నాం. బడికి పంపినా మట్టేనా అమ్మా? పలక పట్టించండి" అన్నాడు. చేతులకు బెల్లం మడ్డి ఎండి అట్టకట్టి ఉంది. లెక్కలు ఇలాగే వస్తాయని, వేళ్ళు గట్టిపడితేనే రేపు బలపం పట్టగలరని నేను ఏదో చెప్పాను. విన్నాడు, తల ఊపాడు, వెళ్ళిపోయాడు. నేను చెప్పింది అబద్ధం కాదు. అయినా ఆయన అడిగినదానికి నేను సగమే జవాబు చెప్పానని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది. మరునాటి నుంచి బువ్వలాట తర్వాత పలకలు తప్పనిసరి చేశాను.

ఖాళీ గిన్నె

ఒక పాప ఎప్పుడూ అమ్మ వేషమే వేసేది. నాలుగేళ్ళుంటాయి. అందరికీ విస్తళ్ళు వేసి, ఇసుక అన్నం గరిటెతో తట్టి తట్టి వడ్డించేది. "ఇంకొంచెం, ఇంకొంచెం" అని బలవంతపెట్టేది. చాలా రోజులు ముచ్చటగా చూశాను. ఆయమ్మ చూపు వేరు.

"ఆ పిల్ల తనకు ఆకు వేసుకోదు, చూశావా?"

ఆ తర్వాత నేనూ చూశాను. అందరూ తిని లేచాక పాప గిన్నెను వంచి చూసేది. అందులో ఏమీ ఉండదు. గిన్నెలో నీళ్ళు పోసి, చేత్తో తిప్పి, ఎత్తి తాగినట్టు నటించేది. తర్వాత కొంగు లేని గౌనుతోనే కొంగుతో తుడుచుకున్నట్టు మూతి తుడుచుకునేది. ప్రతిరోజూ అదే వరుస. ఒకరోజు నేను, "అమ్మా, నువ్వు తినవా?" అని అడిగాను. "నేను తర్వాత తింటాలే" అంది. ఆ గొంతు నాలుగేళ్ళ పిల్లది కాదు.

ఆ సాయంత్రమే ఆయమ్మా నేనూ వాళ్ళింటికి వెళ్ళాం. తల్లికి ఐదో నెల. మా పుస్తకంలో ఆమె పేరు లేదు. వలస వచ్చినవాళ్ళు, గర్భిణులకు కేంద్రంలో ఆహారం ఇస్తారని తెలియదు. పేరు రాసుకున్నాం, మర్నాటి నుంచి ఆమె వంతు ఆమెకు అందింది. ఇంటికి ఇచ్చి పంపితే అది కూడా అందరికీ పంచేస్తుందని ఆయమ్మ ఆమెను కేంద్రానికే పిలిపించి, ఎదురుగా కూర్చుని తినిపించేది.

ఎన్ని రోజులు పట్టిందో గుర్తు లేదు. ఒక పొద్దున చెట్టు కింద పాప అందరికీ ఆకులు వేసి, చివర ఇంకొక బాదం ఆకు తెచ్చి తన ముందు వేసుకుంది. ఆయమ్మ నా చేయి గిల్లింది. ఇద్దరం ఏమీ అనలేదు.

వంకర పిడతలు

ఏటికొప్పాకలో బొమ్మలు చేసే ఒక ఇంటికి ఒకసారి పిల్లల్ని తీసుకెళ్ళాం. గిర్రున తిరిగే అంకుడు కర్రకు లక్క బద్దను ఆనిస్తే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. పసుపు రంగు పసుపుకొమ్ము నుంచి, ఎరుపు జాఫ్రా గింజల నుంచి అని చెప్పారు. అది విని మా పిల్లలు ఆశ్చర్యపోలేదు. వాళ్ళకు ఆకుల్లోంచి, గింజల్లోంచి రంగు రావడం రోజూ చూసే సంగతే. వాళ్ళు ఆశ్చర్యపోయింది చెక్కలోంచి గిన్నె రావడానికి.

ఆకారం సరిగా కుదరని పిడతలు నాలుగు ఆ ఇంటివాళ్ళు ఊరికే ఇచ్చారు. వాటిలో మట్టి పోయడానికి ఎవరూ భయపడలేదు. ఏడాది తిరిగేసరికి రంగంతా పోయి కర్ర తేలింది. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చినవి ఆ నాలుగు వంకర పిడతలే.

పెద్దకర్మ రోజు

ఆయమ్మ ఇంటి ముందు షామియానా వేశారు. వెనుక పెరట్లో పెద్ద గుండిగల్లో వంట. నన్ను గుర్తుపట్టి నలుగురైదుగురు చుట్టూ చేరారు. వాళ్ళల్లో ఒకతను లారీ నడుపుతాడట, ఇద్దరు పిల్లల తండ్రి. "టీచర్, పొయ్యి ఊదింది నేనే" అన్నాడు. పులిహోర పెట్టిన పిల్లవాడు గల్ఫ్‌లో ఉన్నాడని, అక్కడ హోటల్లో వంట మాస్టరని చెప్పాడు. ఆకు వేసుకోని పాప గురించి అడిగాను. వాళ్ళు పని వెతుక్కుంటూ ఎటో వెళ్ళిపోయారు, ఎవరికీ తెలియదు.

మా పాత గది లేదు. కొత్త కేంద్రానికి పక్కా భవనం, రంగురంగుల గోడలు, ప్లాస్టిక్ వంటసామాను. వేపచెట్టు ఉంది.

భోజనాలకు ఇంకా వేళ ఉంది. ఆయమ్మ మునిమనవరాలు ఒక పక్కన ఒంటరిగా, అందరి కాళ్ళకూ అడ్డం పడుతూ తిరుగుతోంది. మూడేళ్ళుంటాయి. చెయ్యి పట్టుకుని కంచె దగ్గరికి తీసుకెళ్ళాను. ఇద్దరం గుప్పెడు ఆకులు కోశాం. వంటవాళ్ళను అడిగి ఒక స్టీలు గిన్నె తెచ్చాను. నీళ్ళు పోశాను. పిసకడం దానికి బాగా నచ్చింది, మోచేతుల దాకా పచ్చగా చేసుకుంది. పిప్పి తీసేసి వేపచెట్టు నీడలో పెట్టాం.

"కదపకూడదు. చేతులు వెనక్కి కట్టుకో" అన్నాను.

కట్టుకుంది. నేనూ కట్టుకున్నాను. లోపలి నుంచి ఎవరో భోజనానికి పిలిచారు. రెండో పిలుపు కూడా వచ్చింది. గిన్నెలో పైన చిన్న బుడగ ఒకటి ఆగి ఉంది, పగలలేదు.

"అయిందా?" అంది.

"ఇంకా లేదమ్మా."

ఊరి నుంచి తిరిగి వెళ్ళడానికి నేను అనుకున్న బస్సు హారన్ కొట్టుకుంటూ చెరువు గట్టు మీదుగా వెళ్ళిపోయింది.